శవభిక్ష

పెండ్లికి పిలిచిన పోవలెను, చావునకు పిలువకయే పోవలెనని మా పల్లెలలో పెద్దలు చెప్పుదురు. ఈ మాట లోతు నాకు తొమ్మిదేండ్ల వయసున, మా తాతగారు కాలధర్మము చెందిన నాడు తెలిసెను. మా తాతగారికిని, మా చేనికి తూర్పుననున్న చేని ఆసామికిని ఒక గట్టు విషయమై పదునొకండేండ్లుగా వ్యాజ్యము నడచుచుండెను. ఆ గట్టు వెడల్పు మూరెడు. దానిపై నాలుగు తుమ్మచెట్లు తప్ప మఱేమియు లేదు. ఆ మూరెడు నేలకొఱకు ఉభయులును వకీళ్ళకు పోసిన రూకలతో రెండెకరముల మాగాణి కొనియుండవచ్చునని ఊరివారు నవ్వుకొనుచుండిరి. ఎదురుపడినచో దారి తప్పుకొనుటయు, ఒక రేవున పశువులను కడుగకుండుటయు, ఒక ఇంటి నిప్పు మఱియొక ఇంటికి పోకుండుటయు మా రెండిండ్లకును నిత్యకృత్యములు. అట్టి మనుష్యుడు ఆ ఉదయమున, ఎవరును కబురు పెట్టకయే, పైపంచె నడుమునకు చుట్టుకొని, చెప్పులు వీధిలో విడిచి, మా వాకిటికి వచ్చి ఒక మూల నిలుచుండెను. మా పెదనాన్నగారు ఆయనను చూచి, ఏమియు పలుకక, కంటితోనే పాడె కొమ్మువైపు చూపిరి. ఆయన వచ్చి భుజము పట్టెను. దహనము ముగిసిన పిమ్మట అందఱును ఒకే ఏటిలో మునిగి, తడిబట్టలతో ఎవరి ఇంటికి వారు పోయిరి. పండ్రెండు దినములు వ్యాజ్యము మాట ఎవరి నోటను రాలేదు. పదుమూడవనాడు మా పెదనాన్నగారు కాగితముల కట్ట చంకబెట్టుకొని మునసబు కోర్టుకు బండి కట్టించిరి; ఆ బండి వెనుకనే వారి బండియు బయలుదేరెను.

ద్వేషమునకు అట్లు గడువిచ్చి, గడువు తీరగానే విడిచిన చోటినుండియే దానిని మఱల అందుకొనుట కపటమో సంస్కారమో ఆ వయసున నాకు బోధపడలేదు. మా నాయనమ్మ నడిగితిని. "పీనుగుతో పగేమిట్రా, నాయనా" అని ఆమె వత్తులు చేసికొనుచు అనెను. అంతకంటె వివరము దొరకలేదు. ఇరువదియేండ్ల పిమ్మట గ్రీకుల యుద్ధకావ్యములను, యుద్ధచరిత్రలను తీరికగా చదువుకొను అవకాశము కలిగినపుడు ఆ ప్రశ్న మఱల వచ్చి నా ఎదుట నిలిచెను. ఈటెలును, డాళ్ళును, ఓడలును, కోటలును క్రిక్కిఱిసిన ఆ గ్రంథములలో నా చూపు ఎప్పుడును ఒక్కచోటికే పోవుచుండెను: పోరు ముగిసిన సాయంకాలమున, పడినవారిని ఎవరు, ఎవరిని, ఎట్లడిగి తీసికొనిపోవుచున్నారు?

ట్రాయ్ యుద్ధమనగానే చదువుకొన్నవారి మనస్సున మెదలునది కొయ్యగుఱ్ఱము. పాఠశాలలో నాకు చెప్పినదియు అదియే. కావున హోమర్ ఇలియడ్‌ను ఆంగ్లానువాదమున మొదటిసారి చేపట్టినపుడు, ఆ గుఱ్ఱము ఎప్పుడు వచ్చునాయని 24 సర్గలను, పదునైదువేలకు పైబడిన పాదములను దాటుకొనుచు పోయితిని. గుఱ్ఱము రాలేదు, కోట కూలలేదు, గ్రీకువీరుడు అకిలీస్ చావనైన లేదు. పదేండ్ల యుద్ధములో కొన్ని వారముల కథ చెప్పి, శత్రుపక్షవీరుడైన హెక్టర్ చితి చల్లార్చి, ఆయన అస్థికలపై దిబ్బ లేపి, కవి ఊరకుండెను. కడపటి పుటలు చినిగిపోయినవేమోయని నేను అట్ట తిప్పి చూచుకొంటిని. తొలిపుట మఱల తెఱచినపుడు గాని ఆ కావ్యపు కట్టుబడి నాకు తెలియలేదు. తాను పాడబోవునది అకిలీస్ క్రోధమని చెప్పిన ఊపిరిలోనే, ఆ క్రోధము ఎందఱో వీరుల దేహములను కుక్కలకును పక్షులకును ఎరచేసెనని కవి చెప్పియున్నాడు. దిక్కులేక పడియున్న కళేబరములతో ఆరంభమైన కావ్యము, విధ్యుక్తముగ దహనమైన ఒక కళేబరముతో ముగియుచున్నది.

నడుమ ఏడవ సర్గలో ఒక చిన్న ఘట్టమున్నది. మృతులను దహించుకొనుటకై ఉభయసైన్యములు ఒకనాడు పోరు మానుకొనును. తెల్లవాఱుచుండగా ట్రాయ్‌వారును గ్రీకులును ఒకే పొలమున వంగి వెదకుచుందురు. ఎవడు తమవాడో గుర్తుపట్టుట కష్టమై, నీళ్ళతో నెత్తురు కడిగి, ముఖము తేటపడిన పిమ్మట, వేడి కన్నీరు రాల్చుచు బండ్లపైకి ఎత్తుదురు. బిగ్గరగ ఏడువరాదని ట్రాయ్ రాజు ప్రియామ్ ఆజ్ఞ. కనుక ఆ పని యంతయు చప్పుడు లేకయే జరుగును. హోమర్ దీనికి పట్టుమని పది పాదములు వెచ్చింపలేదు. ఆ కావ్యమందలి ఈటెపోటుల వర్ణనలు, పండ్లలోనుండి దూసుకొనిపోయిన మొనలు, మట్టి కఱచిన వీరులు, ఇంచుమించు అన్నియు నేను మఱచితిని. ఆ చెంబెడు నీళ్ళు మఱువలేదు.

హెక్టర్ కడపటిసారి అకిలీస్ ఎదుట నిలిచినపుడు ఒక ఒడంబడిక కోరెను: గెలిచినవాడు ఓడినవాని ఆయుధములు తీసికొని, దేహమును మాత్రము వానివారికి అప్పగింపవలెనని. సింహములకును మనుష్యులకును నడుమ ఒడంబడికలుండవని అకిలీస్ దానిని త్రోసివేసెను. ఆ పిమ్మట మడమల వెనుక నరములు తొలిచి, తోలుపట్టెలు దూర్చి, రథమునకు కట్టి, తల్లిదండ్రులు కోటగోడపైనుండి చూచుచుండగా దుమ్ములో ఈడ్చుకొనిపోవుట అందఱెఱిగినదే. అంతటితో ఆగక, హతుడైన తన చెలికాడు పత్రోక్లస్ సమాధిచుట్టు ప్రతి వేకువను ఆ శవమునీడ్చుచుండెను. అది చెడకుండ అపోలో దేవుడు కాచుచుండెనట. మనుష్యులు చేయవలసిన పని వారు మానుకొన్నపుడు దేవతలకు ఇట్టి వెట్టి తప్పదు కాబోలు.

ఇక కడపటి సర్గ. హెక్టర్ తండ్రి ప్రియామ్, ఏబదిమంది కొడుకులను కన్న ముసలిరాజు, రాత్రివేళ కంచరగాడిదల బండిలో వస్త్రములును, బంగారమును, పాత్రలును వేసికొని శత్రుశిబిరమునకు పోవును. అకిలీస్ అప్పుడే భోజనము ముగించి కూర్చుండెను; బల్ల ఇంకను ఎదుటనే యున్నది. ముసలివాడు ఎవరి కంటను పడక లోనికి వచ్చి, ఆతని మోకాళ్ళు పట్టుకొని, తన కొడుకులను చంపిన చేతులను ముద్దుపెట్టుకొనును. నీ తండ్రిని ఒక్కమాఱు తలచుకొమ్మని వేడుకొనును. ఇద్దఱును ఏడ్తురు. ఒకడు చచ్చిన కొడుకుకొఱకు. మఱియొకడు తాను తిరిగి చూడజాలని తండ్రికొఱకును, పోయిన స్నేహితునికొఱకును. దుఃఖములు వేఱు, అవి వెలువడిన గుడారము మాత్రమొక్కటి.

విమర్శకులు సాధారణముగ ఇంతవఱకు వచ్చి కవిని కొనియాడి ఆగుదురు. నాకు దీని తరువాతి భాగముపై మక్కువ యెక్కువ. అకిలీస్ శవమును వెంటనే ఇచ్చి పంపలేదు. దాసీలను పిలిచి, ముసలివానికి కనబడని చోట దానిని కడిగి, నూనె రాచి, బట్ట కప్పుడని చెప్పెను. ఎందుకనగా, కొడుకును ఆ స్థితిలో చూచినయెడల తండ్రి కోపమాపుకొనలేడేమో, దానితో తానును కోపమాపుకొనలేక శరణు వచ్చిన ముసలివానిని చంపివేయునేమో యని ఆతని భయము. తన దయను తానే నమ్మని మనుష్యుడు! కరుణ పుట్టిన క్షణమందే దాని బలమెంతయో తూచి చూచుకొని, అది ఎంత బరువునకు తెగునో ఎఱిగి తగు జాగ్రత్త పడినవానిని నేను మఱియొక కావ్యమున చూడలేదు. నిష్క్రయముగ వచ్చిన వస్త్రములలోనుండియే రెండు దుప్పట్లును, ఒక అంగీయు విడిచి శవమునకు కప్పించెను. తానే దానిని చేతులతో ఎత్తి పాన్పుపై ఉంచెను. అంతట పత్రోక్లస్‌ను పేరుపెట్టి పిలిచి, నాపై కోపగింపకుమని ఏడ్చెను. పిదప వంట చేయించి అతిథికి పెట్టి, తానును తినెను.

అప్పుడు అడిగినవాడు ప్రియామ్ కాడు, అకిలీసే: అంత్యక్రియలకు ఎన్ని దినములు కావలెను, అన్ని దినములు నేను సేనను ఆపెదనని. ముసలివాడు లెక్క చెప్పెను. ఏడ్పునకు తొమ్మిది దినములు, పదవనాడు దహనము, పదునొకండవనాడు దిబ్బ లేపుట. పండ్రెండవనాడు, తప్పనిచో, మఱల యుద్ధము. ఇచ్చటికి వచ్చునప్పటికి నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. మా పెదనాన్నగారి లెక్కకును దీనికిని తేడా ఒక్కదినము. ఆయన హోమర్ పేరైన విని యెఱుగరు. మఱియొకటి: హెక్టర్ దిబ్బ లేపుచున్నంతసేపును, గడువుకు ముందే గ్రీకులు పైబడుదురేమోయని ట్రాయ్‌వారు నలుదిక్కుల కావలివారిని నిలిపిరి. ఆ మాటను అకిలీస్ ముసలిరాజు మణికట్టు పట్టుకొని ఇచ్చెను, ఐనను కావలి. కవి వారిని తప్పుపట్టలేదు.

కావ్యమున అకిలీస్ దయగ చేసినది, చరిత్రకాలపు గ్రీకులకు వ్రాతలేని శాసనమైనది. పోరు ముగియగానే పొలము ఎవరి వశమున నిలిచెనో వారు, శత్రువు వెన్ను మఱల్చిన చోటు చూచి, ఒక మ్రాను నాటి, దానికి పట్టుకొన్న కవచమును, శిరస్త్రాణమును, డాలును తగిలింతురు. ఆ స్తంభమునకు గ్రీకుభాషలో గల పేరు 'మఱలుట' యను అర్థము గల ధాతువునుండి పుట్టినదే. అంతట రెండవపక్షపు వార్తాహరుడు చేత దండము పట్టుకొని వచ్చి తమ మృతులను అడుగును. అడుగుటయే ఓటమి ఒప్పుకొనుట. అడిగిన ఇచ్చుట గెలిచినవాని విధి. సంధిపత్రము లేదు, చేవ్రాలు లేదు. మావారిని మాకిండు అన్న ఒక్క యాచనతో ఆ దినపు జయాపజయములు తేలిపోవును. పాతిపెట్టని వాని ప్రేతము పరలోకపు వాకిట తిరుగుచుండునని వారి నమ్మకము. పత్రోక్లస్ ప్రేతమే అకిలీస్ కలలోనికి వచ్చి, తనను త్వరగ దహింపుమని మొఱపెట్టెను. నమ్మకమునకు తోడు మఱియొక కారణముండెనని నాకు తోచును. ఆ సైన్యములలోనివారు కూలికి వచ్చిన భటులు కారు. సొంత డాలు సొంత డబ్బుతో కొనుకొన్న రైతులు, కుమ్మరులు, కమ్మరులు. వరుసలో ప్రక్కన నిలిచినవాడు మేనమామయో, బావమఱదియో, పొరుగు చేనివాడో అయియుండును. అట్టివానిని పొలమున విడిచి ఊరికి పోయి, వాని ఇంటిముందుగ నడచిపోవుట ఎట్లు?

క్రీ.పూ. 425లో ఏథెన్స్ సేనాని నిసియస్ 80 ఓడలతో కొరింత్ తీరమున దిగి ఒక పోరు గెలిచెను. కొరింత్ పక్షమున 212 మందియు, ఏథెన్స్ పక్షమున ఏబదికి లోపుగను పడిరి. జయస్తంభము నాటిరి. ఇంతలో శత్రువునకు సాయము వచ్చుచున్నట్లు తోచి, త్వరపడి తమ మృతులనెత్తుకొని ఓడలెక్కిరి. ఎంత వెదకినను దొరకని రెండు శవములు మాత్రము వెనుకబడిపోయెను. నిసియస్ దాపుననున్న దీవులకు చేరి, అటనుండి వార్తాహరుని పంపి, ఆ రెంటిని అడిగి తెప్పించుకొనెను. చరిత్రకారుడు థూసిడిడీస్ దీనిని ఒక్క వాక్యమున చెప్పి ముందునకు పోయెను. అయిదు శతాబ్దముల తరువాత నిసియస్ చరిత్ర వ్రాసిన ప్లూటార్క్ దాని వెల కట్టి చూపెను: ఆచారము ననుసరించి, అడిగినవాడు గెలుపును వదలుకొన్నట్లే, అది ఎఱిగియు, ఇద్దఱు పౌరులను పాతకుండ విడుచుటకంటె గెలిచిన కీర్తిని విడుచుటయే మేలని నిసియస్ తలచెనట.

నిసియస్ నాకు ఇష్టుడైన మనుష్యుడు కాడు. లారియం వెండిగనులకు వేయిమంది బానిసలను బాడుగకిచ్చి ధనము కూర్చుకొన్నవాడు; శకునములకు వెఱచువాడు; చేయవలసిన పనిని ఱేపునకు త్రోయువాడు. ఐనను ఆ ఓడ మీది సాయంకాలమును నేను పలుమాఱులు ఊహించుకొందును. పేరులు పిలుచుచున్నారు, రెండు పేరులకు బదులు లేదు, ఎత్తితెచ్చిన శవములలోను వారు లేరు. నాటిన స్తంభము ఇంకను పచ్చిగనే యున్నది. దానిని నిలుపుకొనుటకు చేయవలసినదెల్ల నోరు మూసికొని ఊరకుండుటయే. ఆ పని ఆతడు చేయలేకపోయెను.

ఏథెన్స్ నగరము తన యుద్ధమృతులకు చేయు సంస్కారమును థూసిడిడీస్ చూచి వ్రాసెను. అస్థికలను మూడు దినములు ఒక పందిరిక్రింద ఉంచుదురు. ఎవరివారికి తోచినది వారు తెచ్చి సమర్పించుకొందురు. నాలుగవనాడు తెగకొకటి చొప్పున పది సైప్రస్ కొయ్య పెట్టెలు బండ్లపై బయలుదేరును. వాని వెంట, బట్ట కప్పిన ఒక ఉత్త పాడెను మోసికొనిపోదురు. అది దేహములు దొరకనివారిది. క్రీ.పూ. 431 శీతకాలమున ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ ప్రసిద్ధోపన్యాసము చేసినది ఈ పాడెముందే. ఆ ఉపన్యాసమును ఎందఱో కంఠస్థము చేసిరి. నాకు మాత్రము ఆ ఉత్త పాడెను మోసినవారు భుజము మార్చుకొనునపుడు దాని తేలికకు ఏమనుకొనిరోయని చింత. మఱుసటి వేసవి నగరమున మహామారి చొరబడెను. అదే ఏథెన్స్‌లో, ఇతరులు తమవారికై పేర్చుకొన్న చితులపై తమ శవములను విసరివేసి పాఱిపోవువారిని కూడ ఆ చరిత్రకారుడే చూచెను.

శాసనమున్న చోట ఉల్లంఘనముండును. క్రీ.పూ. 424లో డీలియం వద్ద ఏథెన్స్ సేన బియోషియనుల చేత ఘోరముగ ఓడెను. సేనానితో కూడ వేయిమందికి కొంచెము తక్కువగా పడిరి. తోకముడిచి పాఱినవారి నడుమ చెదరని అడుగులతో వెనుదిరిగినవాడని ఒక డాలుబంటును గూర్చి ప్లేటో వ్రాసెను, ఆతడు సోక్రటీస్. వార్తాహరుడు పోయి శవములనడుగగా, మీరు మా అపోలో ఆలయమును కోటగ చేసికొని కూర్చున్నారు, అది విడిచిన గాని ఇయ్యమని బియోషియనులనిరి. ధర్మమునకు ధర్మము అడ్డుపెట్టి ఉభయులును వాదించుకొనుచుండగా శవములు ఎండలో పడియుండెను. పదునేడవనాటికి కోట పడిన పిమ్మట గాని అవి చేతికి రాలేదు. యురిపిడీస్ 'శరణార్థినులు' అను నాటకమున, థీబ్స్ వాకిట పడియున్న కొడుకుల శవములకై తల్లులు ఏథెన్స్ రాజును ఆశ్రయింతురు. రాజు యుద్ధము చేసి వానిని తెచ్చి, తన చేతులతోనే కడుగును. దానిపై డీలియం నీడ పడెనని పండితుల మాట. అంతకు ముందే సోఫోక్లీస్ తన నాటకమున ఆంటిగొనీ చేత తోబుట్టువు శవముపై పిడికెడు మట్టి పోయించెను. ఆమెను గూర్చి లోకము చాల చెప్పినది, నేను చెప్పను.

దయకు పుట్టిన శాసనము పండి ముదిరినపుడు ఏమగునో క్రీ.పూ. 406లో తెలిసెను. అర్గినూసే దీవులవద్ద ఏథెన్స్ నౌకాబలము స్పార్టా నౌకాబలమును చిత్తుచేసెను. తన ఓడలు 25 పోయినవి. పగిలిన ఓడల చెక్కలను పట్టుకొని వ్రేలాడువారిని, తేలియాడు శవములను ఎత్తుటకు పోవునంతలో గాలివాన పట్టుకొనెను, ఎవరిని తేలేకపోయిరి. గెలిచిన సేనానులపైనే విచారణ జరిగెను. బంధువులమని చెప్పుకొనుచు తలలు గొఱిగించుకొని నల్లబట్టలు కట్టినవారు సభకు వచ్చిరి. పిండి తొట్టిని పట్టుకొని తేలి బ్రతికి వచ్చితినని ఒకడు నిలిచి, మునిగిపోవుచున్నవారు తనతో పంపిన సందేశము చెప్పెను: దేశముకొఱకు పోరిన మమ్ము సేనానులు విడిచిరని చెప్పుమని. అందఱిపై ఒకేసారి ఓటు పెట్టుట చట్టవిరుద్ధమని ఆనాడు సభాధ్యక్షవర్గమునందున్న సోక్రటీస్ పట్టుపట్టెను, వినలేదు. చేతికి చిక్కిన ఆర్గురికిని మరణశిక్ష పడెను. వారిలో పెరిక్లీస్ కొడుకొకడు. కొంతకాలమునకే నగరము పశ్చాత్తాపపడెను. జెనొఫన్ ఈ కథ చెప్పునపుడు ఆ పిండి తొట్టిని విడువకుండుట చూచి నేను ఆయనను మెచ్చుకొందును. అబద్ధమైనను నిజమైనను, దానికి ఎదురుగ ఏ వకీలును వాదింపజాలడు.

ఇంతవఱకు చదివినవారు గ్రీకులు కడుదయాళువులనుకొన్నచో నేను అబద్ధము చెప్పినట్లగును. శవమునకు వారు చూపిన మర్యాద ప్రాణముతో నున్నవానికి చూపలేదు. పత్రోక్లస్ చితిపై అకిలీస్ పండ్రెండుగురు ట్రాయ్ యువకులను కోసి వేసెను. హోమర్ దానిని దుష్కార్యమనియే సూచించి దాటిపోయెను. క్రీ.పూ. 416లో ఏథెన్స్‌వారు మెలోస్ దీవిని పట్టుకొని వయసు వచ్చిన మగవారిని చంపి, ఆడువారిని, పిల్లలను బానిసలుగ అమ్మిరి. మఱుసటి వసంతమున అదే నగరపు రంగస్థలిపై యురిపిడీస్ 'ట్రాయ్ స్త్రీలు' ఆడించెను. అందు హెక్టర్ పసికొడుకును గ్రీకులు కోటపైనుండి విసరి చంపుదురు. ఆ పిల్లవాని శవమును తండ్రి డాలుపై పెట్టి నాయనమ్మకు తెచ్చి ఇత్తురు. పాతుటకు మాత్రము అభ్యంతరము లేదు! ఈ ఒక్క చోట ఆ ఆచారము ముఖమున ఉమ్మినంత పనిచేసెను ఆ కవి. ఆచారము తప్పినందుకు కాదు, నెఱవేర్చినందుకు.

పరదేశీయుల సంగతి వేఱు. మారథాన్ పొలమున క్రీ.పూ. 490లో పడిన 192 మంది ఏథెన్స్‌వారిపై లేపిన దిబ్బ నేటికిని నిలిచియున్నది. అచట పడిన పారసీకులు 6,400 అని హెరోడోటస్ లెక్క. వారినిగూడ పాతితిమని ఏథెన్స్‌వారు చెప్పుచుండిరి గాని, క్రీ.శ. 2వ శతాబ్దమున చూడబోయిన యాత్రికుడొకడు ఏ గుఱుతును కానక, గుంటలో పడవేసియుందురని వ్రాసికొనెను. ఐనను ప్లాటియా పోరు ముగిసిన నాటి ఒక మాట ఉన్నది. థెర్మోపిలే వద్ద స్పార్టా రాజు లియోనిడస్ తల నఱికించి కొయ్యకు గ్రుచ్చించిన పారసీకులకు బదులుగ, వారి సేనాపతి మార్డోనియస్ శవమునకును అట్లే చేయుమని ఎజైనా దీవివాడొకడు స్పార్టా నాయకుడు పౌసేనియస్‌కు సలహా చెప్పెను. మేలు కోరి చెప్పితివి గాని, ఇట్టిది అనాగరికులకు తగును, మనకు తగదు. ఇట్టి సలహాతో మఱల నా కడకు రాకుము, చెక్కుచెదరక పోవుచున్నందుకు సంతోషింపుము, అని ఆయన పంపివేసెను. రావణుని సంస్కారమునకు వెనుదీయు విభీషణునితో, పగ చావుతో తీరినదని చెప్పిన రాముడు మనకు వెంటనే జ్ఞప్తికి వచ్చును. తిక్కన గారి స్త్రీపర్వమున ధర్మరాజు దిక్కులేని శవములకును చితులు పేర్పించును. కాని మన కథలలో అడుగువాడు లేడు, గెలిచినవాడే కర్త. గ్రీకుల తీరు వేఱు. అచట ఒకడు చేయి చాపవలెను, ఒకడు ఇయ్యవలెను. ఆ చాపిన చేతిలోనే యుద్ధపు ఫలితమున్నది.

నిసియస్ కథ మిగిలియున్నది. క్రీ.పూ. 415లో, వలదు వలదని తాను వారించిన సిసిలీ దండయాత్రకే నగరము ఆయనను సేనానిగ పంపెను. రెండేండ్లు గడచునప్పటికి సిరక్యూస్ ముందు సేన చిక్కుబడిపోయెను. తప్పించుకొనిపోవుటకు అంతయు సిద్ధమైన రాత్రి, క్రీ.పూ. 413 ఆగస్టు 27న, చంద్రగ్రహణము పట్టెను. దైవజ్ఞులు చెప్పినట్లు ముత్తొమ్మిది దినములు కదలరాదని నిసియస్ పట్టుపట్టెను. ఆలోపల శత్రువు రేవు మూసెను. రేవులో జరిగిన కడపటి నౌకాయుద్ధమున ఓడి ఒడ్డునకు వచ్చి పడినవారు, ఆ రాత్రి, తమ శవములనడుగవలెనన్న తలపైన తెచ్చుకొనలేదని థూసిడిడీస్ వ్రాసెను. రెండు శవములకొఱకు గెలుపు నిచ్చివేసినవాని సేన అది. భూమార్గమున బయలుదేరునపుడు నేలపై పడియున్న చెలికాండ్రను దాటుకొనుచు పోయిరి. గాయపడినవారు గుడారపు తోడివారి మెడలకు వ్రేలాడుచు, ఓపినంత దూరము వెంట వచ్చి, దేవతల పేర మొఱలిడుచు వెనుకబడిపోయిరి. అసినారస్ ఏటిలో, పైనుండి ఈటెలు పడుచుండగా, నెత్తురును బురదయు కలిసిన నీటికై తమలో తాము పెనగులాడుచు త్రాగిరి. నిసియస్ లొంగిపోయెను, సిరక్యూస్‌వారు ఆయనను చంపిరి. చిక్కిన 7,000 మందికి తక్కువ కానివారిని ఱాతిగనులలో త్రోసిరి. మనిషికి రోజుకు పావులీటరుకు కొంచెము మించిన నీళ్ళు, దానికి రెట్టింపు కొలత ధాన్యము, ఎనిమిది నెలలు. చచ్చినవారు బ్రతికినవారి నడుమనే గుట్టలుగ పడియుండిరి. అచట అడుగుటకు వార్తాహరుడు లేడు, ఇచ్చుటకు పొలము లేదు. యురిపిడీస్ పద్యములు నోటికి వచ్చినవారు కొందఱు వానిని చదివి వినిపించి విడుదల పొందిరని ప్లూటార్క్ చెప్పును. ఇంటికి వచ్చి వారు ఆ ముసలికవికి నమస్కరించిరట.

నేను ఉద్యోగరీత్యా దూరదేశముననుండగా ఒకనాడు ఇంటినుండి కార్డు వచ్చెను: తూర్పు చేని ఆసామి పోయినాడని. సెలవు దొరకించుకొని, రైలు దిగి, బండి పట్టుకొని ఊరు చేరునప్పటికి నాలుగవ దినము. ఆయన కొడుకు నా ఈడువాడు. చిన్ననాడు ఒకే బడిలో చదివి ఒక్కమాటైన ఆడుకొని యెఱుగము. వాకిట కుర్చీ వేసి కూర్చుండుమనెను. ఆలస్యమైనది, మన్నింపుడంటిని. "మీ పెదనాన్నగారు వచ్చి కొమ్ము పట్టినారండి. మోకాళ్ళ నొప్పులు, వద్దంటే వినలేదు" అని ఆతడు చెప్పెను. కొంతసేపు ఇద్దఱమును వీధివంక చూచుచు కూర్చుంటిమి. ఇంటిలోనుండి ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చిరి. నేను సగము త్రాగునంతలో ఆతడు గొంతు సవరించుకొని, "పద్నాలుగో తారీఖున వాయిదా ఉందండి, అందాక మీరుంటారా?" అనెను. సెలవు అంతవఱకు లేదంటిని. ఆతడు తల ఊపి, మజ్జిగలో ఉప్పు సరిపోయినదాయని అడిగి, లేచి లోనికి పోయెను.